చెయ్యి పట్టని చదువుకు పట్టా ఎట్లా ఇస్తారు?

బస్టాండు గోడల మీద కొత్త కాగితాలు వెలిసినయి. "ఇంట్లో కూర్చుని ప్రత్యేక విద్యలో బి.ఎడ్. చెయ్యండి. ఉద్యోగం మానక్కర్లేదు. అంతా ఆన్‌లైన్. సీట్లు కొన్నే ఉన్నయి." కింద ఒక ఫోన్ నంబరు. మొన్నటిదాకా మామూలు బి.ఎడ్. కోసం ఇట్లాంటి కాగితాలే అంటించినవాళ్లు ఇప్పుడు వికలాంగ పిల్లల చదువు మీద పడ్డారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మన వాడల్లో కుంటి పిల్లలు, గుడ్డి పిల్లలు, మాట రాని పిల్లలు బడి మొహం చూడక ఇళ్లల్లో మగ్గుతుంటే, వాళ్ల పేరు చెప్పి పట్టాలు అమ్ముకునే సంత మొదలైంది. ఈ సంత గురించి మాట్లాడాలి. అట్లాగే ఈ సంతను సాకుగా చూపించి మన టీచర్ల చదువు దారినే మూసెయ్యాలనే పెద్దమనుషుల గురించి కూడా మాట్లాడాలి. రెండూ మనకు ఎసరు పెట్టేవే.

ఈ తొందర ఎక్కడినుంచి వచ్చింది?

2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. వికలాంగ పిల్లలకు పాఠం చెప్పే ప్రత్యేక టీచర్లు ఎంతమంది పిల్లలకు ఒకరుండాలో లెక్క తేల్చమంది. పర్మనెంటు పోస్టులు పెట్టమంది. 2022 జూన్‌లో కేంద్రం ఆ లెక్క రాసింది: ప్రాథమిక తరగతుల్లో 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు. రాసి ఊరుకుంది. చాలా రాష్ట్రాలు పోస్టులెన్నో కూడా తేల్చలేదు. 2025 మార్చి 7న సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

తెలంగాణ 2024 ఫిబ్రవరి డి.ఎస్.సి.లో 11,062 పోస్టులు వేస్తే అందులో ప్రత్యేక విద్యకు 796 ఎస్.జి.టి. పోస్టులు, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు చూపించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 2,260 ప్రత్యేక విద్యా పోస్టులు మంజూరు చేసింది. పోస్టులనేసరికి సంత లేచింది.

2025 తీర్పులో ఇంకొక మాట ఉంది. పోస్టర్లు అంటించేవాళ్లు అది చెప్పరు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ప్రత్యేక టీచర్లను ఒక కమిటీ పరిశీలించాలి, అర్హత ఉన్నవాళ్లకు టీచరు స్కేలు ఇవ్వాలి అని కోర్టు చెప్పింది. "అర్హత ఉన్నవాళ్లకు" అన్న మాట దగ్గరే పేచీ అంతా. 1992లో చేసిన చట్టం ప్రకారం ప్రత్యేక విద్య చెప్పాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్.సి.ఐ., ఒప్పుకున్న చదువుండాలి, దాని రిజిస్టరులో పేరుండాలి. లేకుండా ఆ పని చేస్తే ఏడాదిదాకా జైలు, వెయ్యి రూపాయలదాకా జరిమానా అని కూడా ఆ చట్టంలో రాసి ఉంది. చట్టం అట్లా ఉన్నప్పుడు ఆ చదువు మన టీచర్లకు అందేటట్టు చేసే బాధ్యత ఎవరిది? 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ఆ బాధ్యత ప్రభుత్వానిదేనని చెబుతుంది. టీచర్లకు శిక్షణ ఇవ్వాలి, పనిలో పెట్టుకోవాలి అని ప్రభుత్వానికే చెప్పింది, టీచరు పర్సుకు చెప్పలేదు.

ఈ పిల్లలు ఎవరి పిల్లలు?

2011 జనాభా లెక్కల్లో దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. నూటికి 69 మంది పల్లెల్లోనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది. ఎస్సీల్లో వికలాంగులు 2.45 శాతం. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లలో 2.18 శాతం. లెక్క రాసేవాడు వాడలోకి సరిగ్గా రాకముందే ఇంత తేడా ఉంది.

ఇది దేవుడిచ్చిన శాపం, పూర్వజన్మ కర్మ అని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కర్మ కులం చూసి వస్తుందా? కాన్పు కష్టమై బండి దొరక్క, ఆసుపత్రి చేరేసరికి బిడ్డకు ఊపిరి అందకపోతే మెదడు దెబ్బతింటుంది. పుట్టిన నాలుగు రోజులకు వచ్చిన పచ్చకామెర్లకు వైద్యం లేకపోతే కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి, వినికిడి పోతుంది. చెవిలో చీము కారుతుంటే నెలల తరబడి నూనె పోసి ఊరుకుంటే చెవుడొస్తుంది. తల్లి రక్తంలేక, తిండిలేక తొమ్మిదో నెలదాకా నాట్లు వేస్తే బిడ్డ బరువు తక్కువతో పుడుతుంది. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినయి. ఆ జబ్బును మన దేశంలో మొదట రాతలో పెట్టింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అప్పటినుంచి ఎన్ని ప్రభుత్వాలు మారినయి? ఎన్ని తరాల నడుములు వంగినయి? ఆసుపత్రి దూరం, నీళ్ల దూరం, కూలి బరువు – వీటి పేరే కర్మ.

ఇట్లా పుట్టిన బిడ్డ బడికి పోతే ఏమవుతుంది? "వీడికి చదువెందుకమ్మా, సదరం క్యాంపుకు తీసుకుపోయి పింఛను రాయించుకో" అంటారు. పింఛను హక్కే. దానికోసం కొట్లాడినం, ఇంకా కొట్లాడతం. కానీ పింఛనుకు పర్సంటేజీ కొలవడం తెలిసిన ప్రభుత్వానికి ఆ బిడ్డ ఏ తరగతిలో ఉండాలో కొలవడం ఎందుకు తెలియదు? 2016 చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ 6 ఏళ్ల నుంచి 18 ఏళ్లదాకా ఉచిత చదువు హక్కు ఉంది. పక్కనున్న బడిలోనైనా సరే, ప్రత్యేక బడిలోనైనా సరే, ఎంచుకునేది వాళ్లే. ఈ మాట ఏ పంచాయతీ గోడ మీదైనా రాసి ఉందా? బి.ఎడ్. పోస్టరుకు గోడ దొరుకుతుంది, బిడ్డ హక్కుకు దొరకదు.

ఇయ్యాల ఈ పిల్లల దగ్గర ఎవరున్నారు?

మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలున్నయి. అందులో ఐ.ఇ.ఆర్.పి.లని పిలిచే కాంట్రాక్టు టీచర్లున్నారు. వారంలో కొన్ని రోజులు కేంద్రంలో, కొన్ని రోజులు ఊళ్లు తిరిగి ఇంటి దగ్గరే ఉన్న పిల్లలకు పాఠం చెప్పాలి. ఫిజియోథెరపీ క్యాంపు పెట్టించాలి. మూడు చక్రాల బండి, వినికిడి మిషను ఇప్పించాలి. ఆపైన ఆన్‌లైన్ లెక్కలు నింపాలి. మాకు తెలిసినవాళ్లలో మన వాడల ఆడబిడ్డలు చాలామంది ఉన్నారు. డిగ్రీ చదివి, పెళ్లై, ఇద్దరు పిల్లల తల్లులై, పొద్దున వంట చేసి బస్సెక్కేవాళ్లు. వాళ్లు ఉద్యోగం మాని పట్నంలో రూము తీసుకుని రెండేళ్లు బి.ఎడ్. చదవగలరా? చదివితే ఆ కాంట్రాక్టు ఉంటుందా? ఆ జాగాలో ఇంకొకరు చేరిపోతారు.

అందుకే పనిచేస్తూ చదివే దారి కావాలి. దూరవిద్య కావాలి, ఆన్‌లైన్ కావాలి. ఇది మనం సిగ్గుపడాల్సిన దారి కాదు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు, పనిచేసుకునే పిల్లలు చదువుకుని ఉద్యోగానికి పోవడానికి వీలుగా పొద్దున్నే క్లాసులు నడిపించారు. కూటికి పని చెయ్యాల్సినవాడికీ కాలేజీ ఉండాలని ఆయన అనుకున్నారు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులో వచ్చింది. 1991లో దానికి బాబాసాహెబ్ పేరు పెట్టారు. పేరు ఊరికే రాలేదు. ఇయ్యాల ఆ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో ప్రత్యేక విద్యా బి.ఎడ్. నడుపుతోంది. రెండున్నరేళ్ల చదువు. చూపులోపం, వినికిడి లోపం, మేధోవైకల్యం – ఒక్కొక్కరు ఒక్కొక్క దాంట్లో చదవాలి. 2020 జాతీయ విద్యావిధానం కూడా పనిలో ఉన్న మామూలు టీచర్లకు ప్రత్యేక విద్యలో పార్ట్‌టైం కోర్సులు, కొంత ఆన్‌లైన్, కొంత ఎదురుగా నడిపే కోర్సులు పెట్టాలని రాసుకుంది.

ఇప్పుడొక రాగం వినబడుతోంది. "దూరవిద్య పట్టాలకు విలువేముంది? క్వాలిటీ పడిపోతుంది. రెగ్యులర్‌గా చదివినవాళ్లనే తీసుకోవాలి." ఈ రాగం ఎక్కడ విన్నాం? రిజర్వేషన్ల దగ్గర విన్నాం. మెరిట్ అన్న పేరుతో విన్నాం. తండ్రి కట్టిన ఫీజుతో పట్నంలో చదివితే అది క్వాలిటీ. పగలంతా మేధోవైకల్యం ఉన్న పిల్లలకు గుండీ పెట్టడం నేర్పి, రాత్రి పదింటికి పుస్తకం తెరిస్తే అది నాసిరకమా? ఇరవయ్యేళ్లుగా ఆ పిల్లల దగ్గర ఈ అయ్యలు ఎవరూ లేరు. స్కేలు వస్తుందని తెలిసిన రోజే వాళ్లకు క్వాలిటీ గుర్తొచ్చింది.

తెర ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు?

అట్లాగని తెర మీద వచ్చిందల్లా చదువేనని మేం చెప్పం. ఇక్కడే మన టీచర్లు కూడా జాగ్రత్తగా వినాలి.

ఆన్‌లైన్‌కు కొన్ని మంచి గుణాలున్నయి. పాఠం అర్థం కాకపోతే మళ్లీ వినొచ్చు. పిల్లలు నిద్రపోయినాక వినొచ్చు. సంకేత భాషను పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకోవడం కష్టం, చెయ్యి ఎటు కదిలిందో కదిలే బొమ్మలోనే తెలుస్తుంది. భారతీయ సంకేత భాషా కేంద్రం 2021లో 10,000 మాటల నిఘంటువును వీడియోలుగా బయటపెట్టింది. మారుమూల మండలంలో ఉన్న టీచరు కూడా దాన్ని ఫోన్‌లో చూసి నేర్చుకోవచ్చు. చట్టాలు, మనస్తత్వ శాస్త్రం, వైకల్యాల కారణాలు – ఇవన్నీ తెర మీద చెప్పొచ్చు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో 7 రకాలే. కొత్తవేమిటో తెలుసుకోవడానికి పట్నం పోనక్కర్లేదు.

కానీ ప్రత్యేక విద్యలో అసలు పని చేతులతో ఉంది. చూపులేని బిడ్డకు బ్రెయిలీ నేర్పాలంటే ఆరు చుక్కల మీద ఆ బిడ్డ వేలు పెట్టి, మన వేలు దాని మీద పెట్టాలి. టేలర్ ఫ్రేము మీద లెక్క చేయించాలంటే ముక్కను చేతిలో తిప్పి చూపించాలి. మేధోవైకల్యం ఉన్న బిడ్డకు అన్నం కలుపుకుని తినడం నేర్పాలంటే ఆ పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, చేతి మీద చెయ్యి వేసి, రోజూ అదే చేయించి, కొద్దికొద్దిగా మన చెయ్యి తీసెయ్యాలి. మెదడు పక్షవాతం ఉన్న బిడ్డను ఎట్లా కూర్చోబెడితే మెడ నిలబడుతుందో, ఎట్లా తినిపిస్తే పొలమారదో పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. చొంగ తుడవాలి. దొడ్డికి పోవడం నేర్పాలి. బట్ట మార్చాలి.

ఈ పని తాకితేగానీ కాదు. ఈ దేశంలో ఎవరు ఎవరిని తాకుతారు? మన తాతలకు దెబ్బ వేయాల్సి వచ్చినా దగ్గరికి రాకుండా బెత్తం విసిరి కొట్టిన అయ్యవార్ల సంగతులు మన ఇళ్లల్లో ఇంకా చెప్పుకుంటారు. పలక తాకకుండా దిద్దినవాళ్లు, నీళ్లు పైనుంచి దోసిట్లో పోసినవాళ్లు. వాళ్లకు తాకకుండా పాఠం చెప్పే విద్య వేల ఏళ్లుగా వచ్చు. ఇప్పుడు తెర వచ్చి దానికి కొత్త పేరు పెట్టింది. మాదిగ బిడ్డ చొంగ తుడవని చెయ్యి, రెల్లి బిడ్డకు అన్నం ముద్ద పెట్టని చెయ్యి – ఆ చేతికి ప్రత్యేక విద్యలో పట్టా ఎట్లా ఇస్తారు? ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి, ప్రశ్నలకు టిక్కులు పెట్టి, ఒక్క బిడ్డ ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా ఆ పట్టా తెచ్చుకోవచ్చంటే దాన్ని చదువంటామా?

టిక్కుల శిక్షణ ఎట్లా ఉంటుందో సర్కారు బడి టీచర్లందరికీ తెలుసు. 2019లో కేంద్రం నిష్ఠ అనే శిక్షణ పెట్టింది. కరోనా వచ్చినాక 2020 అక్టోబరు నుంచి దాన్ని ఆన్‌లైన్ చేసింది. 18 మాడ్యూళ్లు. పగలు పాఠం చెబుతూ జేబులో ఫోన్‌లో వీడియో నడిపించి సర్టిఫికెట్టు తీసుకున్నవాళ్లు లేరా? తప్పు టీచర్లది అనడం సులువు. శిక్షణకు టైము ఇవ్వకుండా, సెలవు ఇవ్వకుండా, పైనుంచి "ఎంతమంది పూర్తి చేశారు" అని రోజూ లెక్క అడిగితే లెక్కే వస్తుంది, చదువు రాదు.

దూరవిద్యా బి.ఎడ్.లో కాంటాక్టు క్లాసులున్నయి, టీచింగ్ ప్రాక్టీసు ఉంది, కేస్ స్టడీలున్నయి. కాగితం మీద బాగానే ఉంది. మా దగ్గరికి వచ్చిన టీచర్లు చెప్పింది వేరు. ఒక స్టడీ సెంటరులో రికార్డులు రెడీమేడ్‌గా దొరుకుతయి. కేస్ స్టడీ కూడా దొరుకుతుంది, లేని బిడ్డ పేరుతో, లేని తల్లి చెప్పిన మాటలతో. డబ్బులు కడితే హాజరు పడుతుంది. డబ్బులు లేని టీచరమ్మ మాత్రం సొంతంగా రాసుకుని, అక్షరం బాగాలేదని మాట పడుతుంది. మన వాడలో నిజంగా ఉన్న బిడ్డను ఒక్కసారి వచ్చి చూడనివాళ్లు లేని బిడ్డ మీద ఇరవై పేజీలు రాసి మార్కులు తెచ్చుకుంటారు.

మొద్దు అన్నది రోగం పేరా?

ఇంకొక ప్రమాదం ఉంది. ప్రత్యేక విద్య మన పిల్లలకు మేలు చెయ్యాలి. సరిగ్గా నేర్పకపోతే అదే మన పిల్లల మెడకు కొత్త పలక కడుతుంది.

మన బిడ్డ చదవలేకపోతే బడి ఏమంటుంది? "మొద్దు", "వాళ్లింట్లో చదువే లేదు". రేపు ఆన్‌లైన్‌లో నాలుగు పాఠాలు విన్న టీచరు అదే మాటను ఇంగ్లీషులో అంటాడు: స్లో లర్నర్, లర్నింగ్ డిజేబిలిటీ, మెంటల్ రిటార్డేషన్. 2022లో ప్రశస్త్ అనే యాప్ వచ్చింది. బడి టీచరు ఫోన్‌లో ప్రశ్నల పట్టీ నింపి ఏ బిడ్డకు వైకల్యం ఉండొచ్చో గుర్తించాలి. అది తొలి పరీక్షే, తీర్పు కాదు. ఆ తర్వాత డాక్టరు, నిపుణులు చూడాలి. కానీ "చెప్పింది అర్థం చేసుకోడు", "పని పూర్తి చెయ్యడు" లాంటి ప్రశ్నకు జవాబు ఎవరు రాస్తారు? మన బిడ్డను వెనక బెంచీలో కూర్చోబెట్టినవాడే రాస్తాడు. పత్తి ఏరడానికి పోయి మూడు నెలలు బడికి రాని బిడ్డకు అక్షరాలు రాకపోతే అది వైకల్యమా? ఇంట్లో మాట్లాడే తెలుగును బడిలో వెక్కిరిస్తే నోరు తెరవని బిడ్డ మూగదా? చూపు ఆనక బోర్డు కనపడని బిడ్డను మొద్దంటే ఆ తప్పు ఎవరిది? కళ్లద్దాలు పెడితే సరిపోయేదాన్ని జన్మంతా మొద్దును చేశారు.

ఇది మన ఒక్కళ్ల అనుభవమే కాదు. అమెరికాలో నల్లజాతి పిల్లలను తెలివి పరీక్షలు పెట్టి బుద్ధిమాంద్యం తరగతుల్లో వేసేవాళ్లు. శాన్ ఫ్రాన్సిస్కోలో నల్లజాతి తల్లిదండ్రులు 1971లో కోర్టుకెక్కారు. లారీ పి. కేసు అంటారు దాన్ని. 1979లో జడ్జి రాబర్ట్ పెక్హమ్ ఆ పరీక్షలు నల్లజాతి పిల్లల పట్ల పక్షపాతంతో ఉన్నయని, వాటితో వాళ్లను ఆ తరగతుల్లో వెయ్యొద్దని తీర్పు ఇచ్చాడు. తెల్లవాళ్ల ఇంటి మాటలతో చేసిన పరీక్షలో నల్లబిడ్డ ఓడిపోతే బిడ్డది తప్పా, పరీక్షది తప్పా అని వాళ్లడిగారు. మనం కూడా అడగాలి. ప్రత్యేక విద్య చదివే టీచరుకు వైకల్యానికీ, వెలివేతకూ తేడా చెప్పాలి. కులం గురించి ఒక పేజీ పెట్టి, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న వేసి వదిలేస్తే చాలదు. వాడకు పోయి, తల్లితో మాట్లాడి, బిడ్డ ఎన్ని రోజులు బడికి వచ్చాడు, ఎందుకు మానేశాడు, ఏం తింటున్నాడు అని అడగకుండా ఏ బిడ్డ మీదా ముద్ర వెయ్యకూడదని నేర్పాలి.

ఎవరు కడుతున్నారు, ఎవరు తింటున్నారు?

ఇప్పుడు డబ్బు మాట. కాంట్రాక్టు జీతంలో ఇల్లు గడవాలి, పిల్లల ఫీజు కట్టాలి, బస్సు ఛార్జీలు పెట్టుకోవాలి. అందులోనే యూనివర్సిటీ ఫీజు, పుస్తకాలు, కాంటాక్టు క్లాసులకు పోయినప్పుడు ఉండే ఖర్చు. క్లాసులకు పోయిన రోజుకు జీతం కోత. ఫీజు రీయింబర్స్‌మెంట్ అడిగితే దూరవిద్యకు లేదంటారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో విద్యా దీవెన పథకం పెట్టినప్పుడు దూరవిద్య, కరస్పాండెన్సు చదివేవాళ్లకు వర్తించదని నిబంధనల్లోనే రాశారు. అంటే ఉద్యోగం మానుకుని చదివితే ఫీజు ఇస్తారు. ఆ పిల్లలకే సేవ చేస్తూ చదివితే ఇవ్వరు. ఈ తెలివి ఎవరిది?

అర్హత కావాలనేది ప్రభుత్వం. అర్హత లేకుండా తక్కువ జీతానికి పని చేయించుకునేది ప్రభుత్వం. అర్హత తెచ్చుకోవడానికి పైసా ఇవ్వనిది ప్రభుత్వం. చివరికి అర్హత లేదని స్కేలు ఆపేదీ ప్రభుత్వమే. దీన్ని దోపిడీ అనకపోతే ఇంకేమనాలి?

వికలాంగులైన మన టీచర్ల సంగతి ఇంకా అన్యాయం. చూపులేని టీచరుకు తెర మీద బొమ్మలు చూపించి పాఠమైపోయిందంటారు, ఫోను చదివి వినిపించేటట్టు ఆ పాఠం తయారు చెయ్యరు. చెవుడున్న టీచరుకు వీడియోలో కింద అక్షరాలుండవు, సంకేత భాష ఉండదు. వికలాంగ పిల్లలకు ఎట్లా చెప్పాలో నేర్పే చదువే వికలాంగుడికి అందకపోతే అందులో నేర్పుతున్నదేమిటి?

మేం అడుగుతున్నది

ఒకటి. పాఠాలు తెర మీద చెప్పండి. ప్రాక్టీసు మాత్రం ఊళ్లో, వాడలో, భవిత కేంద్రంలో, బిడ్డ ఇంట్లో జరగాలి. ఆ బిడ్డ తల్లిదండ్రులు సంతకం పెడితేనే ప్రాక్టీసు పూర్తయినట్టు. వేలిముద్ర వేసినా సరే, తల్లి సాక్ష్యం లేని రికార్డు చెల్లకూడదు.

రెండు. భవిత కేంద్రాల్లో పనిచేస్తున్న ప్రతి కాంట్రాక్టు టీచరు చదువు ఖర్చూ ప్రభుత్వమే కట్టాలి. కాంటాక్టు క్లాసులకు, ఇంటర్న్‌షిప్‌కు జీతంతో సెలవు ఇవ్వాలి. చదువు పూర్తయ్యేదాకా ఒక్కళ్లనూ తియ్యకూడదు. ఏళ్ల తరబడి పిల్లలతో చేసిన పనిని ప్రాక్టీసు కింద లెక్కపెట్టాలి.

మూడు. దూరవిద్యలో చదివే ఎస్సీ, ఎస్టీ, బీసీ టీచర్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇవ్వాలి. పాఠాలు మనం మాట్లాడే తెలుగులో ఉండాలి. వికలాంగ టీచర్లకు అందే రూపంలో ఉండాలి.

నాలుగు. మంజూరైన పోస్టులను రోస్టరు ప్రకారం నింపాలి. 10 మందికి ఒకరు, 15 మందికి ఒకరు అన్న లెక్క ప్రతి మండలానికీ కట్టి గోడ మీద రాయాలి.

ఐదు. టిక్కు పెట్టిన యాప్ చూసి ఏ బిడ్డనూ బడినుంచి, తరగతినుంచి పక్కకు నెట్టకూడదు.

ఊళ్లో మన పని

ఇవన్నీ పైవాళ్లు ఇచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. కార్యకర్తలు ఈ పక్షంలోనే తమ వాడలో ఇల్లిల్లూ తిరిగి 18 ఏళ్లలోపు వికలాంగ పిల్లల పట్టీ రాయాలి. పేరు, వయసు, ఏం ఇబ్బంది, బడికి పోతున్నదా, ఎవరైనా టీచరు ఇంటికి వచ్చారా – ఈ ఐదు మాటలు చాలు. మంచాన పడ్డ బిడ్డను కూడా రాయాలి. 2012 సవరణ తర్వాత విద్యాహక్కు చట్టంలో తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పించుకునే హక్కుంది. ఆ పట్టీని గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. ఒక కాపీ హెడ్మాస్టరుకు, ఒకటి ఎం.ఇ.ఓ.కు ఇచ్చి రసీదు తీసుకోండి. సమగ్ర శిక్షలో ఒక్కొక్క వికలాంగ బిడ్డ పేరుమీద ఏడాదికి 3,500 రూపాయలదాకా ఖర్చు చెయ్యడానికి వీలుంది. వికలాంగ ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున స్టయిపెండు ఉంది. మన ఊరి పిల్లల పేరుమీద ఎంత వచ్చింది, ఏమైంది అని సమాచార హక్కు కింద అడగండి.

మన వాడలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న అక్కలు, తమ్ముళ్లు ఈ చదువులో చేరండి. పోస్టరు మీది ఫోన్ నంబరుకు డబ్బు పంపకముందు ఆ కోర్సుకు ఆర్.సి.ఐ. అనుమతి ఉందా, ఈ ఏడాదికి ఉందా అని చూసుకోండి. లేకపోతే పట్టా చేతికొచ్చినా రిజిస్టరులో పేరెక్కదు, డబ్బూ పోతుంది, వయసూ పోతుంది. చేరినాక రికార్డు కొనుక్కోవద్దు. పక్కింటి బిడ్డ దగ్గర కూర్చుని రాయండి. ఆ బిడ్డ పేరు రాసిన రోజున ఆమెకు ఒక టీచరు దొరికినట్టు.

తల్లులారా, తండ్రులారా! బిడ్డను దాచిపెట్టకండి. మీ బిడ్డ శాపం కాదు, మీ తప్పు కాదు. బడి గేటు దగ్గర నిలబడి అడగండి: ఇక్కడ ప్రత్యేక టీచరు ఎవరు? మా బిడ్డ చెయ్యి ఎప్పుడు పడతారు? జవాబు వచ్చేదాకా కదలకండి. మీ పక్కన మేం నిలబడతాం.

జై భీమ్!